వరస తప్పని చెయ్యి

మెకానిక్ ఇంటికొచ్చి సంచిలోంచి మొదట ఏ పనిముట్టు తీస్తాడో చూస్తే అతని పనితనం సగం తెలిసిపోతుంది. వచ్చీ రాగానే స్క్రూడ్రైవర్ తీస్తే కొంచెం జాగ్రత్తపడాలి. మేట్టుపాళయంలో నేను దగ్గరుండి పని చూసిన వాషింగ్ మెషీన్ మెకానిక్ మొదట తీసేది బల్బు. పాతకాలపు వంద వాట్ల ఫిలమెంట్ బల్బు, దానికో హోల్డరు, హోల్డరు నుంచి రెండు తీగలు, తీగల చివర ప్లగ్గు పిన్నులు. మెషీన్ ప్లగ్గు ఊడదీసి ఆ సాకెట్లో ముందు తన బల్బు పెడతాడు. అది నిండుగా వెలిగాకే మెషీన్ వైపు తిరుగుతాడు.

టెస్టర్ పెడితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. టెస్టర్‌లోని చిన్న నియాన్ దీపానికి ఫేజు ఒక్కటి ఉంటే చాలు. పట్టుకున్న మనిషి ఒంటి మీదుగా నేలకు పోయే కాస్త కరెంటుతోనే ఎర్రగా మెరుస్తుంది. గోడలో న్యూట్రల్ తీగ తెగిపోయి ఉన్నా మెరుస్తూనే ఉంటుంది. సాకెట్లో కరెంటు ఉందని ఇంట్లోవాళ్ళు నమ్ముతారు, మెషీన్ చచ్చిపోయిందని తీర్మానిస్తారు. బల్బును అలా మభ్యపెట్టలేం. రెండు తీగలూ పట్టు మీద ఉంటేనే అది తెల్లగా వెలుగుతుంది. పట్టు సడలితే మసకబారుతుంది, మినుకుమంటుంది. అదయ్యాక అతను ప్లగ్గు పిన్నులు తిప్పి చూసి, బొటనవేలితో తడిమి, ఒకసారి వాసన చూస్తాడు. నీళ్ళు కాచే హీటరున్న మెషీన్ రెండు వేల వాట్ల దాకా లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది తొమ్మిది యాంపియర్లకు కాస్త తక్కువ. ఆ బరువును ఆరు యాంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టిన ఇళ్ళు తక్కువేమీ లేవు. అక్కడ పిన్ను కొసన నల్లటి మచ్చ, కాలిన ప్లాస్టిక్ వాసన. మెషీన్ ముట్టకుండానే సగం కథ తేలిపోతుంది.

నీలగిరి కొండల పాదాన, భవానీ ఒడ్డున ఉన్న ఊరది. కోయంబత్తూరు నుంచి ఊటీ వెళ్ళేవాళ్ళు బస్సు కిటికీలోంచి చూసి దాటిపోతారు. ఈ కోయంబత్తూరు జిల్లాలో శతాబ్దాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. నేను చెబుతున్న మనిషిదీ అలాంటి ఇల్లే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. తండ్రి పంపుసెట్ల మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. ఈ చివరి ముక్క ముఖ్యం, ముందు ముందు పనికొస్తుంది.

ఆ రోజు పిలుపు ముందు తలుపున్న ఫ్రంట్ లోడ్ మెషీన్ కోసం. దీపాలు వెలుగుతున్నాయి, ప్రోగ్రామ్ ఎంచుకుంటే గంట కొడుతోంది, స్టార్ట్ నొక్కితే మాత్రం ఏమీ కావడం లేదు. కాసేపటికి తెర మీద లోపాన్ని తెలిపే అక్షరాలు. అంతకు ముందు వచ్చినతను మెషీన్‌ను నడిపే బోర్డు పోయిందని చెప్పి, కొత్త బోర్డుకు వేలల్లో లెక్క చెప్పి వెళ్ళాడట.

ఇతను స్టూలు లాక్కుని మెషీన్ ఎదురుగా కూర్చున్నాడు. "స్టార్ట్ నొక్కినాక తలుపు కాడ సద్దు వచ్చిందా అక్కా?" అని ఇంటావిడను అడిగాడు.

"గమనించలేదన్నా."

"ముందు తిరిగేటప్పుడు వచ్చేదా?"

ఆవిడ కాసేపు ఆలోచించి, అవును, టక్కుమని వచ్చేది అంది. అతను మళ్ళీ స్టార్ట్ నొక్కి, చెవి తలుపు గొళ్ళెం పక్కన ఆనించాడు. నిశ్శబ్దం. తల ఊపి ఇంకో ప్రశ్న వేశాడు: ఆఖరిసారి తిరిగినప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం జరిగింది? కరెంటు పోయి వచ్చిందా, మెషీన్ జరిపారా, పిల్లలు తలుపు పట్టుకుని వేలాడారా? ఆవిడకు నవ్వొచ్చింది. వేలాడింది పిల్లలు కాదట. తడిసిన జంపఖానా తీసి, బక్కెట్టు తెచ్చేలోగా తెరిచిన తలుపు మీదే వేసిందట.

ఇక్కడే నాకు అతని పద్ధతి తెలిసింది. మెషీన్ మొదలయ్యే ముందు తనలో తాను కొన్ని చూసుకుంటుంది, ఒక వరసలో. కరెంటు ఉందా? తాళం పడిందా? తొట్టిలో పాత నీళ్ళు మిగిలాయా? కొత్త నీళ్ళు వస్తున్నాయా? ఎంత మట్టానికి వచ్చాయి? ఆ తరవాతే మోటారు. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్లలో మొదట తాళం టక్కుమంటుంది, పంపు కొన్ని సెకన్లు గుర్రుమని ఆగుతుంది, ఆ వెంటనే వాల్వు తెరుచుకుని నీళ్ళ హోరు వినబడుతుంది. ఒక మెట్టు దగ్గర జవాబు రాకపోతే మెషీన్ రెండో మెట్టు ఎక్కదు. ఇతనూ సరిగ్గా ఆ వరసలోనే నడుస్తాడు. ఏ సద్దు వినబడింది, ఏది వినబడలేదు అన్నది తేల్చుకుంటే మెషీన్ ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. తాళం సద్దే లేనప్పుడు మోటారు గురించి మాట్లాడడం దండగ. బోర్డు సంగతి అంతకన్నా ముందే ఎత్తడం తొందరపాటు. మొదటివాడు పనికిరానివాడని నేననను, వరస దాటాడు అంతే.

ఈ ఊళ్ళో ఈ సంగతికి నిదర్శనం రోజూ పొద్దున్నే కొండెక్కుతుంది. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో పడిన నీలగిరి కొండ రైలులో, కల్లారు దాటాక పళ్ళ పట్టా మీద ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక ఉండి పెట్టెలను పైకి నెడుతుంది. డ్రైవరుకు ముందున్న దారి కనబడదు. అన్నిటికంటే ముందున్న పెట్టెలో బ్రేకుమనిషి జెండాలతో కూర్చుంటాడు. దారి బాగుందని అతను పచ్చజెండా చూపితేనే వెనక నుంచి ఇంజన్ కదులుతుంది. వాషింగ్ మెషీన్‌లో బోర్డుది డ్రైవరు స్థానం, తలుపు తాళానిది బ్రేకుమనిషి స్థానం. పచ్చజెండా కనబడక ఆగిన ఇంజన్ను చెడిపోయిందని ఎవరూ షెడ్డుకు పంపరు గదా.

ఆ తాళం ఎంత ముచ్చటైన వస్తువో, ఇతను విప్పి చూపించేదాకా నాకు తెలియదు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. లోపల బిళ్ళంత సిరామిక్ ముక్క, దాన్ని అంటుకుని రెండు లోహాలు అతికిన సన్నని రేకు. కరెంటు తగలగానే బిళ్ళ వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి తానే కరెంటును తగ్గించుకుంటుంది, అందుకే ఎంతసేపున్నా కాలిపోదు. ఆ వేడికి రెండు లోహాలు చెరొక తీరుగా సాగి రేకు వంగుతుంది. వంగిన రేకు ఒక పిన్నును తోస్తుంది, తలుపు కొక్కెం కదలకుండా బిగుసుకుంటుంది, అదే కదలికతో లోపలి కాంటాక్టు కలిసి బోర్డుకు కబురు వెళుతుంది. రెండు మూడు సెకన్లలో ఇదంతా. ఉతకడం అయ్యాక తలుపు వెంటనే తెరుచుకోక నిమిషమో రెండు నిమిషాలో ఆగుతుందే, అది ఆ రేకు చల్లారే సమయం. చాలామంది ఆ నిమిషం ఓపిక పట్టలేక పిడి లాగి విరగ్గొడతారు. ఈ మధ్య కొన్ని మెషీన్లలో వేడితో పని లేకుండా విద్యుదయస్కాంతంతో టక్కున పడే తాళాలు వస్తున్నాయి. నాకు మాత్రం పాత రకమే తెలివైనదనిపిస్తుంది. కరెంటు పోయినా లోపలి డ్రమ్ము తిరుగుతూ ఉన్నంతసేపు తలుపు పట్టుకుని ఉంటుంది, ఏ బోర్డూ చెప్పనక్కర లేకుండా.

అతను తాళం తీగలకు మల్టీమీటర్ పెట్టాడు. బిళ్ళ చల్లగా ఉన్నప్పుడు ఉండాల్సిన నిరోధం ఉంది. బోర్డు నుంచి తాళానికి కరెంటూ వస్తోంది. అంటే బోర్డు అడుగుతోంది, తాళం వినడానికి సిద్ధంగానే ఉంది. మరి? తలుపును నెమ్మదిగా మూస్తూ కొక్కెం తాళం రంధ్రంలోకి ఎలా వెళుతోందో టార్చి వేసి చూశాడు. వెళ్ళడం వెళుతోంది గానీ కింది అంచుకు రాసుకుంటూ వెళుతోంది. గొళ్ళెం మూతపడినట్టు చేతికి తెలుస్తోంది, లోపల ఉన్న చిన్న మీట మాత్రం పూర్తిగా నొక్కుకోవడం లేదు. తడి జంపఖానా బరువుకు కీలు దగ్గర తలుపు గోరు మందం జారింది.

కీలు మరలు రెండూ వదులు చేసి, తలుపు కింద మడిచిన గోనె ముక్క పెట్టి కొంచెం ఎత్తి, మళ్ళీ బిగించాడు. ఇక్కడ ఒక పని చేశాడు, నేను చాలాసేపు తలుచుకున్నాను. పై మరను పూర్తిగా బిగించి కింది మరకు పోలేదు. పైది సగం, కిందిది సగం, మళ్ళీ పైది, మళ్ళీ కిందిది. ఒకేసారి బిగిస్తే మర తిరిగిన వైపుకు తలుపు మళ్ళీ జరుగుతుంది. ఆ తరవాత తలుపు మూసి, మధ్య గాజును అరచేత్తో నొక్కి, ఆట ఉందేమో చూశాడు. స్టార్ట్ నొక్కాడు. టక్. పంపు గుర్రుమంది. నీళ్ళు వచ్చాయి. సంచిలోంచి ఒక్క విడిభాగం కూడా బయటికి రాలేదు.

ఈ చెవి, ఈ వరస ఎక్కడి నుంచి వచ్చాయి? ఒక్క మనిషి తెలివి అనుకోను. కోయంబత్తూరు చుట్టుపక్కల నేల మోటారు భాష నేర్చి చాలా కాలమైంది. లోతు బావుల్లోంచి ఎద్దులతో నీళ్ళు తోడిన మెట్ట నేల ఇది. 1932లో నీలగిరి కొండల మీది పైకారా జలవిద్యుత్తు మొదలై ఆ కరెంటు కిందికి దిగాక మిల్లులు పెరిగాయి, బావుల మీద మోటార్లు పడ్డాయి. ఆ మోటారు ఇక్కడే తయారు చేయాలని పట్టుబట్టినవాళ్ళలో తెలుగు ఇళ్ళవాళ్ళు ముందున్నారు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు పెద్ద చదువులు చదవలేదు. 1920లో ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య రవాణా మొదలుపెట్టాడు. యంత్రాలను విప్పి చూసి నేర్చుకున్నాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన తయారు చేసిన మోటారును దేశంలో రూపొందిన మొదటి విద్యుత్ మోటారుగా చెబుతారు. అలాంటి మరో తెలుగు ఇల్లు, పీఎస్‌జీ కుటుంబం, 1926లో ధర్మసంస్థ పెట్టి, దాని కిందే పారిశ్రామిక శిక్షణశాల నడిపింది. అక్కడ కుర్రాళ్ళు చదువుతూనే పంపులు, యంత్రాలు చేశారు. తరవాత ఇంటింటి వెట్ గ్రైండర్ వచ్చింది. కోయంబత్తూరు గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

పెద్ద పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. వాటి కింద పేర్లు లేని ఒక పొర ఉంది. మోటారు కాలితే విప్పి, పాత రాగి తీగ తీసి, చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టిన సందుగొందుల కొట్లు. మన మెకానిక్ తండ్రి కొట్టు అలాంటిది. రైతు పంపు మోటారు, ఇడ్లీ పిండి గ్రైండరు మోటారు, బట్టలుతికే మోటారు, మూడూ అతనికి దగ్గరి చుట్టాలే. కాలిన వార్నిష్ వాసన చిన్నప్పుడే ముక్కుకు అలవాటైంది. రెండడుగుల దూరం నుంచే వైండింగ్ పోయిందా, ఉత్త బెల్టు రాపిడా అని చెప్పగలడు.

ఆ చదువు బయటపడేది సెమీ ఆటోమేటిక్ మెషీన్ల దగ్గర. ఇక్కడి ఇళ్ళలో అవి ఇంకా చాలా ఉన్నాయి. ఒక తొట్టి ఉతకడానికి, ఒక తొట్టి పిండడానికి, పైన తిప్పే టైమర్లు. స్పిన్ తొట్టిలో ఏ కదలికా లేకపోతే మూత కింది స్విచ్చు, లేదా బ్రేకు తీగ. ఉతికే వైపు మెషీన్ "ఊఁ" అని మూలుగుతూ తిరగకపోతే అతను వెంటనే కరెంటు తీసి, వెనక రేకు విప్పి, పుల్లీని చేత్తో తిప్పుతాడు. సులువుగా తిరిగితే ఎక్కడా ఇరుక్కోలేదన్న మాట. అప్పుడు అనుమానం కెపాసిటర్ మీదకు పోతుంది. సింగిల్ ఫేజు మోటారుకు దానంతట అది ఏ వైపు తిరగాలో తెలియదు. రెండో వైండింగుకు కెపాసిటర్ ద్వారా కరెంటును కాస్త ముందుకు జరిపి ఇస్తేనే తిరిగే క్షేత్రం ఏర్పడుతుంది. కెపాసిటర్ ఒక్కరోజులో చావదు, ఏళ్ళ మీద సన్నగిల్లుతుంది. అందుకే "ఖాళీగా ఉంటే తిరుగుతుంది, బట్టలేస్తే నిలబడిపోతుంది" అని ఎవరైనా చెబితే అతని ముఖం వెలుగుతుంది. సగం పోయిన కెపాసిటర్ లక్షణం అచ్చంగా అదే.

కెపాసిటర్ ముట్టే ముందు దానిలో మిగిలిన చార్జి తీసేయాలి. చాలామంది స్క్రూడ్రైవర్ కొసతో రెండు కొనలూ కలిపి ఠప్పుమనిపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ ఆ దెబ్బ కెపాసిటరుకు మంచిది కాదు, కళ్ళకూ మంచిది కాదు. ఇతను మళ్ళీ తన వంద వాట్ల బల్బు తీస్తాడు, తీగలు కొనలకు ఆనిస్తాడు, చార్జి ఫిలమెంటు మీదుగా మెత్తగా దిగిపోతుంది. ఆ తరవాతే మీటరు. పది మైక్రోఫారడ్లు అని రాసి ఉన్నది ఐదే చూపిస్తే మార్చడమే. పాతదాని మీద ఏ విలువ ఉందో అదే వేస్తాడు. ఎక్కువ విలువ వేస్తే మోటారు బాగా లాగుతుందని నమ్మేవాళ్ళున్నారు. కొన్నాళ్ళు లాగుతుంది కూడా, ఆ పైన వైండింగ్ వేడెక్కి కాలుతుంది.

కెపాసిటర్ మంచిదైతే మోటారు తీగలకు మీటరు పెడతాడు. ఉతికే మోటారు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరగాలి కాబట్టి దాని రెండు వైండింగులూ కవల పిల్లలు. మూడు తీగల్లో ఉమ్మడి తీగ నుంచి చెరొకదానికి నిరోధం సమానంగా రావాలి, ఆ రెంటి మధ్య చూస్తే రెట్టింపు రావాలి. ఈ లెక్క తప్పితే లోపల చుట్లు అతుక్కుపోయాయి. స్పిన్ మోటారు ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి దానిలో రెండూ సమానంగా ఉండనక్కర లేదు. ఈ తేడా తెలియక మంచి స్పిన్ మోటార్లను చెత్తలో వేసినవాళ్ళను చూశానన్నాడు. ఇది తండ్రి దగ్గర నేర్చిన లెక్క. కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు.

అతనిలో నాకు నచ్చని సంగతి లేదని కాదు. మాట మీద మాట పెంచుతాడు, చెప్పిన వేళకు రాడు. ఒక్క విషయంలో మాత్రం అతని మొండితనానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. స్పిన్ మూత స్విచ్చు పోయినప్పుడు రెండు తీగలు కలిపేసి "డైరెక్ట్" చేయడం ఈ పనిలో మామూలు. ఖర్చుండదు, క్షణంలో తిరుగుతుంది. ఇతను చేయడు. సెమీ ఆటోమేటిక్ స్పిన్ తొట్టి నిమిషానికి 1300 చుట్ల దగ్గర తిరుగుతుంది. మూత తీయగానే ఆగకపోతే, లోపల వేలాడే చీర కొంగు పట్టుకున్న చెయ్యి గతేమవుతుందో అతనికి తెలుసు. స్విచ్చు దొరికేదాకా మెషీన్ ఆపి ఉంచమంటాడు. ఇంటివాళ్ళు విసుక్కుంటే విననట్టు సంచి సర్దుకుంటాడు.

దీపం కూడా వెలగని మెషీన్ దగ్గర పద్ధతి వేరు. వెనక రేకు తీయగానే తీగ గుత్తి వెంబడి టార్చి నడిపిస్తాడు. ఇక్కడ సగం నేరాలు ఎలుకవి. మెషీన్ అడుగు వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది, లోపల వెచ్చగా ఉంటుంది, తీగ తొడుగు కొరకడానికి బాగుంటుంది. తెగిన ప్రతి తీగనూ వేరు వేరు చోట్ల అతికి, అతుకుల మీద గొట్టం తొడిగి, ఆ పైన అడుగుకు జల్లెడ బిగిస్తాడు. మళ్ళీ కరెంటు ఇచ్చేటప్పుడు నేరుగా ఇవ్వడు, బల్బును సీరీస్‌లో కలిపి ఇస్తాడు. లోపల ఎక్కడైనా షార్టు మిగిలి ఉంటే బల్బు నిండుగా వెలిగి ఆ దెబ్బ తానే తింటుంది, బోర్డు బతుకుతుంది. ఒక్కసారి మిణుక్కుమని తగ్గిపోతే భయం లేదు. పొద్దున సాకెట్ చూసిన బల్బు, మధ్యాహ్నం కెపాసిటర్ ఖాళీ చేసిన బల్బు, ఇప్పుడు కాపలా కాస్తోంది.

నీళ్ళ వల్ల ఆగే మెషీన్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కుళాయి తిప్పడం మరిచిపోతారు, లేకపోతే బోరు ఉప్పునీళ్ళకు వాల్వు మూతి దగ్గరి జల్లెడ పూడుకుపోతుంది. భవానీ నీళ్ళు వచ్చే ఇళ్ళలో ఈ బెడద తక్కువ. ఆ జల్లెడ శుభ్రం చేయడానికి పళ్ళు తోమే పాత బ్రష్షు చాలు. పిల్లల తాళం మీట పొరపాటున నొక్కుకుపోయిన మెషీన్లకు కూడా అతన్ని పిలిచారట. అప్పుడు డబ్బు తీసుకోవడానికి మొహమాటపడతాడు. పడనక్కర లేదని నా ఉద్దేశం. వచ్చాడు, వరసగా చూశాడు, ఏమీ విప్పలేదు. విప్పకపోవడానికే డబ్బులివ్వాలి.

బోర్డు దగ్గర అతని హద్దు. నిజంగా బోర్డే పోయిన మెషీన్లు ఉంటాయి. వోల్టేజి ఎగిసిన రాత్రి తరవాత పేలిన వేరిస్టరు, ఉబ్బిన చిన్న కెపాసిటర్, అతుక్కుపోయిన రిలే. ఈ మూడూ అతను మార్చగలడు. అయితే చాలా బోర్డుల మీద తడి తగలకుండా జిగురు లాంటి మందపు పూత పోసి ఉంటుంది. దాన్ని చాకు మొనతో ముక్కముక్కగా తీస్తూ కింద ఉన్న రాగి గీత తెగకుండా పోవడం చాలా ఓపిక పని, అది చూస్తూ నేనే ఊపిరి బిగపట్టాను. కొత్త ఇన్వర్టరు మెషీన్లలో మోటారును బోర్డే అడుగడుగునా నడుపుతుంది, కెపాసిటర్ లేదు, ఆ కవల వైండింగుల లెక్కా అక్కడ చెల్లదు, మూడు వైండింగుల తీరు వేరు. కంపెనీలు ఆ బోర్డుల పటాలు బయటివాళ్ళకు ఇవ్వవు. అలాంటివి కోయంబత్తూరు పంపిస్తాడు. పంపే ముందు మాత్రం తాళం, పంపు, వాల్వు, మీద నుంచి కింది దాకా వరస మొత్తం చూసి, ఏది బాగుందో తమిళంలో ఒక చీటీ రాసి బోర్డుకు రబ్బరు బ్యాండుతో కడతాడు, అక్కడి కుర్రాడు మళ్ళీ మొదటి నుంచి వెతకనక్కర లేకుండా.